నెల ఖర్చుకు డివిడెండ్ ఈటీఎఫ్‌లు: విశాఖ విశ్రాంత ఉద్యోగుల కోణంలో ఒక సమీక్ష

అధిక డివిడెండ్ ఈటీఎఫ్ అంటే లాభాల్లో ఎక్కువ భాగాన్ని వాటాదారులకు పంచే కంపెనీల షేర్లను ఒక సూచీ ప్రకారం కొని, ఆ మొత్తాన్ని చిన్న యూనిట్లుగా స్టాక్ ఎక్స్ఛేంజీలో అందుబాటులో ఉంచే ఫండ్. మామూలు షేరు లాగే డీమ్యాట్ ఖాతా ద్వారా ఈ యూనిట్లను కొనవచ్చు, అమ్మవచ్చు. ఏ కంపెనీ మంచిదో ఎంచుకునే భారం ఉండదు. నిర్వహణ ఖర్చు చాలా తక్కువ. ఉద్యోగ విరమణ డబ్బు చేతికొచ్చి, దాని మీద క్రమం తప్పని రాబడి కోరుకునేవాళ్లను ఈ ఫండ్ ఆకర్షించడంలో వింత లేదు.

విశాఖపట్నంలో అలాంటి కుటుంబాలు ఎక్కువ. పోర్టు, ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, ఒకప్పటి బీహెచ్‌పీవీ, డాక్‌యార్డు కలిసి పెంచిన నగరం ఇది. ఏటా వందల ఇళ్లలోకి పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ము ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అయితే రిటైరైన వారందరి పరిస్థితీ ఒకటి కాదు. పోర్టులో పాత విధానం కింద చేరినవారికి కరవు భత్యంతో కూడిన పింఛను వస్తుంది. ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి ప్రధాన ఆధారం ఉద్యోగుల పింఛను పథకం, అంటే ఈపీఎస్-95. అందులో 15,000 రూపాయల వేతన పరిమితి మీద లెక్క కడితే, 35 ఏళ్ల సర్వీసు ఉన్నా నెలకు 7,500 ప్రాంతంలోనే ఆగిపోతుంది. దానికి కరవు భత్యం లేదు. సుప్రీంకోర్టు 2022 నవంబరు తీర్పు తర్వాత అధిక పింఛనుకు అర్హత పొందినవారి సంగతి వేరు. డివిడెండ్ ఈటీఎఫ్ మంచిదా కాదా అన్న ప్రశ్నకు పోర్టు క్వార్టర్స్‌లో ఒక జవాబు, ఉక్కునగరంలో మరో జవాబు రావడానికి మూలం ఈ తేడాలోనే ఉంది.

మన దేశంలో ఈ తరహా ఫండ్లు చాలా కొద్ది. వాటిలో పేరున్నవి రెండు అసలు డివిడెండ్ కోసం పుట్టినవే కావు. ప్రభుత్వ రంగ సంస్థల్లో కేంద్రం తన వాటాలు అమ్ముకోవడానికి 2014 మార్చిలో సీపీఎస్‌ఈ ఈటీఎఫ్‌ను తెచ్చింది. చిన్న మదుపరులకు ధరలో తగ్గింపు, ఏడాదిపాటు అట్టేపెట్టుకుంటే అదనపు యూనిట్లు ఇచ్చి ఆకట్టుకుంది. ఇప్పుడది నిప్పాన్ ఇండియా నిర్వహణలో ఉంది. ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ, కోల్ ఇండియా, పవర్ గ్రిడ్, భారత్ ఎలక్ట్రానిక్స్ అందులో బరువైనవి. 2017 నవంబరులో ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ ద్వారా భారత్ 22 ఈటీఎఫ్ వచ్చింది. ఇందులో ప్రభుత్వ సంస్థలతోపాటు ఐటీసీ, ఎల్ అండ్ టీ, యాక్సిస్ బ్యాంకు కూడా ఉన్నాయి. ఈ ప్రైవేటు షేర్లు కేంద్రం చేతికి ఎలా వచ్చాయన్నది డివిడెండ్ మదుపరులు తెలుసుకోవలసిన కథ. దాని గురించి కింద చెప్పుకుందాం. ఇక నిజంగా డివిడెండ్‌నే కొలబద్దగా పెట్టుకున్నది నిఫ్టీ డివిడెండ్ ఆపర్చునిటీస్ 50 సూచీ. దాన్ని అనుసరించే ఈటీఎఫ్ కూడా 2014 నుంచి నిప్పాన్ ఇండియా కుటుంబంలోనే ఉంది.

డివిడెండ్ ఈటీఎఫ్ కొంటే డివిడెండ్ చేతికి వస్తుందా? చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న ఇది. అమెరికాలో వస్తుంది. అక్కడి పన్ను చట్టం ప్రకారం ఫండ్లు తమకొచ్చిన ఆదాయంలో దాదాపు అంతా యూనిట్‌దారులకు పంచక తప్పదు కాబట్టి, మూడు నెలలకోసారి డబ్బు ఖాతాలో పడుతుంది. మన దగ్గర ఆ నిర్బంధం లేదు. కంపెనీలు ఇచ్చిన డివిడెండ్‌ను ఫండ్ తనలోనే ఉంచుకుని మళ్లీ షేర్లు కొనడమే ఇక్కడి ఈటీఎఫ్‌ల సాధారణ పద్ధతి. ఆ మేరకు యూనిట్ విలువ పెరుగుతుందే తప్ప, ఖాతాలో రూపాయి పడదు. పంపిణీకి వీలున్న ఫండ్లలోనూ ఎప్పుడివ్వాలి, ఎంతివ్వాలి అన్నది ఫండ్ ట్రస్టీల ఇష్టం. హామీ ఏమీ ఉండదు. మ్యూచువల్ ఫండ్లు పంచే సొమ్ములో మదుపరి అసలు కూడా కలిసి ఉండవచ్చు కాబట్టి, డివిడెండ్ ఆప్షన్ అన్న పేరు తీసేసి, ఆదాయ పంపిణీతోపాటు మూలధన ఉపసంహరణ అని తెలిసేలా రాయాలని సెబీ 2021 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. మంచి నిబంధనే. కానీ బ్రోకర్ యాప్‌లో ఫండ్ పేరు మాత్రమే చూసి కొనేవారి కంటికి ఇది ఆనదు.

రాబడి శాతం అన్న అంకె దగ్గర మరింత జాగ్రత్త కావాలి. గడిచిన ఏడాది ఇచ్చిన డివిడెండ్‌ను నేటి ధరతో భాగిస్తే వచ్చేది ఆ శాతం. అంటే లవం నిన్నటిది, హారం నేటిది. 400 రూపాయల షేరు 20 రూపాయలు ఇస్తే 5 శాతం. అదే షేరు కష్టాల్లో పడి 200కు దిగితే, డివిడెండ్ మారకపోయినా శాతం 10 అవుతుంది. రాబడి ఎక్కువగా కనిపించే జాబితాల్లో మంచి కంపెనీల పక్కన ఇలా ధర పడిపోయినవీ చేరిపోతాయి. పైగా డివిడెండ్ పొందడానికి కొనే గడువు ముగిసిపోయే ఎక్స్-డేట్ నాడు షేరు ధర దాదాపు ఆ మేరకు తగ్గి మొదలవుతుంది. కంపెనీ ఖజానాలోని డబ్బు వాటాదారు జేబులోకి మారిందంతే, కొత్తగా పుట్టింది కాదు.

విశాఖ వాసులకు కళ్లెదుట కనిపించే ఉదాహరణ హెచ్‌పీసీఎల్. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన మల్కాపురం రిఫైనరీ 1978లో ఈ సంస్థలో కలిసింది. 2020-21 సంవత్సరానికి కంపెనీ షేరుకు 22.75 రూపాయల డివిడెండ్ ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది 14. ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు ధర ఎగబాకి, బంకుల్లో పెట్రోలు ధర మాత్రం కదలని 2022-23లో భారీ నష్టం వచ్చి డివిడెండ్ సున్నా అయింది. 2023-24లో లాభాలు తిరిగొచ్చి మధ్యంతరంగానే 15 రూపాయలు, రెండు షేర్లకు ఒక బోనస్ షేరు, ఆపైన తుది డివిడెండ్‌గా 11 రూపాయలు వచ్చాయి. నాలుగేళ్లు అట్టేపెట్టుకున్నవారికి ఇది చెడ్డ లెక్క కాదు. కానీ ఆ డివిడెండ్‌ను నమ్మి మందుల ఖర్చు, మనవడి ఫీజు లెక్క వేసుకున్న ఇంట్లో అలాంటి ఏడాది ఎలా గడుస్తుంది? రిఫైనరీ అంతకాలమూ నడుస్తూనే ఉంది, విస్తరణ పనులూ సాగాయి. డివిడెండ్ మాత్రం ఆగింది. ఈటీఎఫ్ వల్ల ఈ దెబ్బ పది, యాభై కంపెనీల మధ్య పలచబడుతుంది. ఆ ప్రయోజనం నిజమైనదే.

మరో ఉదాహరణ హిందుస్థాన్ జింక్. మింది దగ్గర ఆ కంపెనీ నడిపిన జింక్ కర్మాగారం 2012లో మూతపడింది. కంపెనీ మాత్రం డివిడెండ్ మదుపరుల జాబితాల్లో అగ్రస్థానంలో మెరిసింది. 2022-23లో షేరుకు 75.50 రూపాయలు ఇచ్చింది. మొత్తం దాదాపు 31,900 కోట్లు. ఆ ఏడాది నికర లాభం సుమారు 10,500 కోట్లే. మిగతాది ఏళ్ల తరబడి కూడబెట్టిన నిల్వల నుంచి వచ్చింది. అప్పుల ఒత్తిడిలో ఉన్న మాతృసంస్థ వేదాంతకు ఆ డబ్బు అవసరమైంది. మరుసటి ఏడాది డివిడెండ్ 13 రూపాయలకు దిగింది. 75.50 రూపాయలు చూసి కొన్నవాళ్లు నిన్నటి నిల్వలకు నేటి ధర కట్టినట్టే. లాభంలో ఎంత శాతం పంచుతున్నారన్నది చూడకుండా, ధర మీద శాతాన్నే చూస్తే ఇలాగే అవుతుంది.

కోల్ ఇండియా కథ ఇంకా నిడివైనది. 2010లో 245 రూపాయల చొప్పున షేర్లు విడుదలయ్యాయి. కంపెనీ ధారాళంగా డివిడెండ్లు ఇచ్చింది. 2014 జనవరిలోనైతే ఒక్కసారే షేరుకు 29 రూపాయలు. అయినా 2020 శరదృతువు నాటికి ధర 120 లోపుకు జారింది. పదేళ్ల డివిడెండ్లన్నీ కలుపుకుంటే అసలు పూడి, పైన కొద్దిగా మిగిలింది. బ్యాంకు డిపాజిట్ అంతకన్నా నయం. ఆ తర్వాత నాలుగేళ్లలో అదే షేరు 500 దాటింది. 2020లో అమ్ముకోక తప్పనివారికి, ఆగగలిగినవారికి దక్కిన ఫలితాలు ఏమాత్రం పోలిక లేనివి. సీపీఎస్‌ఈ ఈటీఎఫ్ కూడా ఇదే దారిలో నడిచింది. 2020 మార్చిలో ఆరేళ్ల నాటి విడుదల ధర కంటే కిందికి పడి, తర్వాత ఎన్నో రెట్లు పెరిగింది.

ప్రభుత్వ సంస్థలు ఇంతగా డివిడెండ్ ఇవ్వడానికి యజమాని అవసరమే ముఖ్య కారణం. కేంద్ర సంస్థలు నికర లాభంలో కనీసం 30 శాతం గానీ, నికర విలువలో 5 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది చెల్లించాలని ఆర్థిక శాఖ 2016లో నిర్దేశించింది. 2024 నవంబరులో ఆ 5 శాతాన్ని 4కు తగ్గించింది. బడ్జెట్‌కు డబ్బు కావాలి కాబట్టి డివిడెండ్ అంత తేలిగ్గా ఆగదు. చిన్న వాటాదారుకు ఇది మేలే. అయితే అదే యజమాని పెట్రోలు ధర పెంచవద్దన్నా, ఒక సంస్థ వాటాను మరో సంస్థ చేత కొనిపించినా చిన్న వాటాదారుకు చెప్పుకునే చోటు లేదు. 2018 జనవరిలో హెచ్‌పీసీఎల్‌లోని 51.11 శాతం ప్రభుత్వ వాటాను ఓఎన్‌జీసీ 36,915 కోట్లకు కొన్నది. ఆ డబ్బు కేంద్ర ఖజానాకు చేరింది, భారం ఓఎన్‌జీసీ వాటాదారుల మీద పడింది.

ఇప్పుడు ఐటీసీ, యాక్సిస్ బ్యాంకు షేర్ల సంగతి. యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1964లో మొదలుపెట్టిన యూఎస్-64 పథకం మూడు దశాబ్దాలకు పైగా ఈ దేశపు రిటైర్డ్ ఉద్యోగుల ఆశాదీపం. ఏటా జూలైలో డివిడెండ్ ప్రకటన కోసం ఇళ్లలో ఎదురుచూసేవారు. 1990లలో అది 26 శాతం దాకా వెళ్లింది. కానీ యూనిట్ల ధరను సంస్థే నిర్ణయించేది. లోపలున్న షేర్ల అసలు విలువతో ఆ ధరకు పొంతన తప్పింది. 1998లో నిల్వలు మైనస్‌లోకి వెళ్లాయన్న సంగతి బయటపడింది. 2001 జూలైలో కొనుగోళ్లు, అమ్మకాలు ఆరు నెలలు స్తంభించాయి. ఇంట్లో పెళ్లి పెట్టుకుని యూనిట్లు అమ్ముకోలేకపోవడమంటే ఏమిటో ఆ తరానికి బాగా తెలుసు. 2003లో సంస్థను రెండుగా చీల్చారు. పాత పథకాల బాధ్యత, వాటి దగ్గరున్న షేర్లు ప్రభుత్వ అధీనంలోని ప్రత్యేక సంస్థకు వెళ్లాయి. ఆ షేర్లే 2017లో భారత్ 22లోకి చేరాయి. నేటి ఈటీఎఫ్‌లో యూఎస్-64 తరహా ముసుగు లేదు. లోపల ఏమున్నాయో రోజూ తెలుస్తుంది, ఆ షేర్ల ధరల ప్రకారం యూనిట్‌కు లెక్కగట్టిన సూచనాత్మక విలువ మార్కెట్ సాగుతున్నంతసేపూ కనిపిస్తుంది. కానీ ఏటా వచ్చే పంపిణీని చూసి అసలు క్షేమంగా ఉందనుకునే అలవాటు మదుపరిలో ఇంకా పోలేదు. ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఆ అలవాటే.

విశాఖ కుటుంబాలకు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉంది. ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ షేర్లు మార్కెట్లో లేవు. పోర్టువీ లేవు. కానీ ఉద్యోగి జీవితమంతా ఆ సంస్థల మీదే ఆధారపడి సాగింది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెం, గాజువాక ఇళ్లలో ఏర్పడిన ఆందోళన ఉద్యోగానికే పరిమితం కాలేదు. 2024లో జీతాలు ఆలస్యమైనప్పుడు అద్దెలు, చిన్న వ్యాపారాలు కూడా కుదేలయ్యాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుజ్జీవ ప్యాకేజీ వచ్చి కొంత ఊపిరి పోసింది. జీతం, క్వార్టర్, కొన్న ఇంటి విలువ, పక్క వీధిలో అద్దెకిచ్చిన పోర్షను, అన్నీ కేంద్ర ప్రభుత్వ విధానానికే ముడిపడిన కుటుంబం తన పీఎఫ్ సొమ్మునూ సీపీఎస్‌ఈ ఈటీఎఫ్‌లో పెడితే, ఒకే యజమాని మీద మరోసారి పందెం కాసినట్టే. ప్రభుత్వ సంస్థ అన్న నమ్మకం ఎంత సహజమో, ఈ విషయంలో అంత ప్రమాదకరం. ఈ నగరంలోనే ప్రధాన కార్యాలయమున్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ మార్కెట్లో నమోదైన ప్రభుత్వ సంస్థే. 2019లో కేంద్రం తన 73.47 శాతం వాటాను విశాఖ సహా నాలుగు పోర్టులకు అమ్మేసింది. ఆ తర్వాత కంపెనీ నష్టాలూ చూసింది.

మరి నెల ఖర్చుకు పోటీలో ఉన్న మార్గాలేమిటి? సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం. పరిమితి 30 లక్షలు. పూర్తిగా వేస్తే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు, నెలకు 20,500 పడుతుంది. అరవై నిండనవసరం లేదు. 55 దాటి పదవీ విరమణ గానీ, స్వచ్ఛంద విరమణ గానీ తీసుకున్నవారు ఆ ప్రయోజనాల సొమ్మును మూడు నెలల్లోపు అందులో వేయవచ్చు. ఉక్కు కర్మాగారంలో స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి ఈ గడువు చాలా ముఖ్యం. పోస్టాఫీసు నెలవారీ పథకంలో 7.4 శాతం వడ్డీతో 9 లక్షలకు నెలకు 5,550 వస్తుంది. అదే 30 లక్షలను డివిడెండ్ సూచీలో పెడితే? నిఫ్టీ 50 డివిడెండ్ రాబడి ఈ మధ్యకాలంలో ఒకటిన్నర శాతం లోపే ఉంటోంది. డివిడెండ్ సూచీలది రెండున్నర, మూడు శాతం ప్రాంతం. మూడు శాతమే అనుకున్నా ఏడాదికి 90,000, అంటే నెలకు 7,500. అదీ ఫండ్ పంచితే. నేటి ఖర్చు నేటి రాబడితో గడవాలంటే పోటీయే లేదు.

పోటీ మొదలయ్యేది పదేళ్ల తర్వాత. పోస్టాఫీసు వడ్డీ ఖాతా తెరిచిననాటి రేటుకే ఐదేళ్లూ నిలిచి ఉంటుంది. బియ్యం, కరెంటు, ఆసుపత్రి బిల్లులు నిలిచి ఉండవు. అరవైలో రిటైరైన దంపతుల్లో ఒకరు ఎనభై ఐదు దాకా బతకడం ఇప్పుడు సాధారణమే. కంపెనీల లాభాలు, వాటితోపాటు డివిడెండ్లు, యూనిట్ విలువ దీర్ఘకాలంలో ధరలను మించి పెరిగే అవకాశం ఉంది కాబట్టి, సొమ్ములో కొంత షేర్లలో ఉండాలన్న వాదన బలమైనది. అయితే దానికి డివిడెండ్ ఈటీఎఫే కావాలా? నిఫ్టీ 50 వంటి విస్తృత సూచీ ఫండ్ నుంచి అవసరానికి కొద్దికొద్దిగా యూనిట్లు అమ్ముకున్నా అదే పని జరుగుతుంది. పైగా అందులో విద్యుత్, చమురు, లోహాలు, బొగ్గు వైపు మొగ్గు తక్కువ. డివిడెండ్ సూచీకి ఉన్న మేలు, మరీ ఖరీదెక్కిన కంపెనీలు అందులో తక్కువగా ఉండటం. రెండింటిలో ఏది ఎంచుకున్నా, మార్కెట్ పడిన ఏడాది యూనిట్లు అమ్మాల్సిన అవసరం రాకుండా రెండు మూడేళ్ల ఖర్చు డిపాజిట్లలో వేరుగా ఉండాలి. 2020 మార్చి ఈ జాగ్రత్తను గుర్తుచేసిన నెల.

పన్ను లెక్క 2020 ఏప్రిల్‌తో మారిపోయింది. అంతకుముందు కంపెనీయే పంపిణీ పన్ను కట్టేది, చిన్న మదుపరికి డివిడెండ్ దాదాపు పన్ను లేని ఆదాయం. ఇప్పుడది మదుపరి ఆదాయంలో కలిసి, వారి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఒక కంపెనీ నుంచి గానీ ఫండ్ నుంచి గానీ ఏడాదికి 10,000 దాటితే 10 శాతం ముందే కోస్తారు. పన్ను పరిధిలోకి రాని వృద్ధులు స్వీయ ప్రకటన పత్రం ఇచ్చి ఆ కోతను ఆపుకోవాలి. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు రిబేటు ఉన్నందున, మామూలు ఆదాయాలతో ఆ లోపు ఉన్న విశ్రాంత ఉద్యోగికి డివిడెండ్ మీద పన్ను భారం పడదు. యూనిట్లు అమ్మితే వచ్చే లాభానికి లెక్క వేరు. ఏడాది దాటి అట్టేపెట్టుకుంటే 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, పైదానికి 12.5 శాతం. దీనికి ఆ రిబేటు వర్తించదు. డివిడెండ్‌ను ఫండ్ లోపలే ఉంచుకున్నంతకాలం మదుపరి కట్టేదేమీ లేదు. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవారికి, మన ఈటీఎఫ్‌లు డబ్బు పంచకపోవడమే మేలు చేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది లావాదేవీల పరిమాణం. సీపీఎస్‌ఈ, భారత్ 22 యూనిట్లు బాగానే చేతులు మారతాయి. డివిడెండ్ ఆపర్చునిటీస్ లాంటి చిన్న వాటిలో కొనుగోలు ధరకు, అమ్మకపు ధరకు మధ్య తేడా ఎక్కువగా ఉండే రోజులుంటాయి. అందుకే సూచనాత్మక విలువ చూసుకుని, ధర తామే నిర్ణయించే లిమిట్ ఆర్డర్‌తోనే కొనాలి. 0.1 శాతం నిర్వహణ ఖర్చు కోసం ఇంత వెతికి, ఒక్క ఆర్డర్‌లో ఒక శాతం పోగొట్టుకోవడం అన్యాయం.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో అక్కడి డివిడెండ్ ఈటీఎఫ్‌ల మాట తరచూ వినిపిస్తుంది. 2006 నాటి వాన్‌గార్డ్ ఫండ్, 2011 నాటి ష్వాబ్ ఫండ్ అక్కడ ప్రసిద్ధం. ష్వాబ్ ఫండ్ సూచీలో చోటు దక్కాలంటే పదేళ్లు వరుసగా డివిడెండ్ ఇచ్చి ఉండాలి. అక్కడ నివసించే పిల్లలకు అవి సరైనవే కావచ్చు. ఇక్కడి తల్లిదండ్రులు కొంటే డివిడెండ్‌లో 25 శాతం అమెరికాలోనే కోత పడుతుంది. ఇక్కడి పన్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, పన్ను పరిధిలో లేనివారికి సర్దుబాటుకు పన్నే ఉండదు. అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటితే మరణానంతరం వారసత్వ పన్ను సమస్యా వస్తుంది. తిరగేసి చూస్తే, తల్లిదండ్రుల భారతీయ ఫండ్లు అమెరికాలోని పిల్లలకు వారసత్వంగా వెళ్లినప్పుడు అక్కడి పన్ను చట్టం వాటిని కఠినంగా చూస్తుంది. నామినీ పేరు రాసేముందే ఇది ఇంట్లో మాట్లాడుకోవాలి.

కరవు భత్యంతో పింఛను అందుకుంటున్న పోర్టు విశ్రాంత ఉద్యోగి పదేళ్లు ముట్టనవసరం లేని సొమ్మును డివిడెండ్ ఈటీఎఫ్‌లో పెట్టుకోవచ్చు. ధర సగానికి పడినా ఆయన నెల గడుస్తుంది. ఈపీఎస్ తప్ప మరేమీ లేని ఉక్కు కార్మికుడు మాత్రం ముందు సీనియర్ సిటిజన్స్ స్కీమ్ నింపుకుని, రెండు మూడేళ్ల ఖర్చు డిపాజిట్లలో వేసుకుని, ఆ తర్వాత మిగిలినదానిలో ఒక భాగంతోనే ఇటువైపు రావాలి. అదీ ప్రభుత్వ సంస్థల ఫండ్‌తో కాకుండా, విస్తృత సూచీతో మొదలుపెట్టడం మేలు. ఏ ఫండ్ అయినా పథకం పత్రంలో ఆదాయ పంపిణీ గురించి ఏం రాశారో చదివాకే డబ్బు కట్టాలి.